కుండీ మీద ముసురు

శ్రావణ భాద్రపదాలు వచ్చాయంటే వాకిట్లో ఒక ముసురు, ఇంట్లో ఒక ముసురు. వాకిట్లోది నాలుగు రోజులకు వెలుస్తుంది. ఇంట్లోది ఓ పట్టాన వెలవదు. కిటికీ పక్కన వున్న మనీ ప్లాంటు కుండీని కాస్త కదిపితే చాలు, నువ్వుగింజంత నల్లని పురుగులు గుప్పున లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అదే మట్టి మీద వాలతాయి. కాఫీ గ్లాసు అంచు మీద ఒకటి, పేపరు చదివే ఆయన కళ్ళద్దాల మీద ఒకటి, పాలు తాగే పిల్లవాడి ముక్కు దగ్గర మరొకటి! వీటిని కొందరు నుసుములంటారు, కొందరు చిన్న దోమలంటారు. మొక్కలమ్మేవారి నోట వినిపించే పేరు ఫంగస్ నాట్.

ఈ నెలలో నన్ను ఎవరు పలకరించినా అడిగేది ఒకటే ప్రశ్న. "ఏం మందు కొట్టాలి?" అని. మందు సంగతి తరువాత. ముందు ఆ పురుగు ఎవరో, ఎక్కడిదో తెలుసుకోవాలి. ఊరూ పేరూ తెలియని చుట్టాన్ని ఇంట్లోంచి పంపించడం కష్టం కదా!

మా మఠంపల్లిలో ఒకప్పుడు ఇంటిలోపల మొక్కలు పెంచడమంటే నవ్వేవారు. పెరడు వుండగా హాల్లో కుండీలెందుకని. ఇప్పుడు పెరటి మీద కోతుల దండు పడుతున్నది. మందార మొగ్గ మిగలదు, జామ పిందె మిగలదు, కొత్త చిగురు కనిపిస్తే అసలే మిగలదు. రోడ్డు పక్క ఇళ్ళకయితే లారీల దుమ్ము అదనం. అందుచేత కుండీలు ఒక్కొక్కటే గ్రిల్లు దాటి వరండాలోకి, వరండా దాటి హాల్లోకి వచ్చేశాయి. వాటి వెంట వాటి నుసుములూ వచ్చాయి.

ఇంట్లో ఎగిరే చిన్న పురుగులన్నీ ఒకటి కావు. అరటిపళ్ళ బుట్ట చుట్టూ మూగేది పండు ఈగ. గోధుమరంగు వొళ్ళు, ఎర్రని కళ్ళు. స్నానాలగది గోడకు అతుక్కుని, చిన్న రెక్కలపురుగులా నూగుతో కనిపించేది తూము ఈగ. అది మోరీ లోపలి జిడ్డులో పుడుతుంది. కుట్టి నిద్ర చెడగొట్టేది దోమ. ఇక మన నుసుము సన్నని నల్లని వొళ్ళు, పొడుగు కాళ్ళు కలది. మూడు మిల్లీమీటర్ల పొడవుంటే గొప్ప. కుట్టదు, కరవదు. సరిగా ఎగరడం కూడా రాదు. మట్టి మీద పరుగెడుతూ, మధ్య మధ్య తూలుతూ లేస్తుంది. పళ్ళబుట్ట దగ్గరా, మోరీ దగ్గరా కాక కుండీ దగ్గరే తిరుగుతూ వుంటే అనుమానం అక్కరలేదు.

ఇంకా రూఢి చేసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష వుంది. పచ్చి ఆలుగడ్డను అంగుళం ముక్కలుగా కోసి, కోసిన వైపు మట్టికి ఆనేటట్లు కుండీలో వుంచండి. రెండు రోజులు ఆగి తిప్పి చూడండి. దారప్పోగులా తెల్లగా, దాదాపు అద్దంలా కనిపించే పురుగులు, తల మాత్రం మెరిసే నల్లపూసలా వున్నవి, ముక్కకు అంటుకుని వుంటే అవే నుసుము పిల్లలు. ఆ ముక్క తీసి పారేస్తే వాటిలో కొన్ని వెళ్ళిపోతాయి కూడా. ఒక పనికి రెండు లాభాలు.

ఇక్కడే అసలు రహస్యం వుంది. మన కంటికి కనిపించే ఎగిరే పురుగు ఆయుష్షు వారం, పది రోజులు. ఆ కాస్త కాలంలోనే ఒక్కొక్క ఆడపురుగు తడి మట్టిలో వంద, రెండువందల గుడ్ల దాకా పెడుతుంది. నాలుగైదు రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలు బయటికి వస్తాయి. రెండు వారాలు పైన రెండు మూడంగుళాల మట్టిలోనే తింటూ పెరుగుతాయి. తరువాత నాలుగైదు రోజులు గూటిలో వుండి, రెక్కలు తొడుక్కుని పైకి లేస్తాయి. అంటే మొత్తం మూడు నాలుగు వారాల జీవితంలో మూడు వంతులు మట్టి లోపలే. చప్పట్లు కొట్టి చంపినా, దోమల బ్యాటు తిప్పినా, అగరుబత్తి పొగ పెట్టినా పోయేది పైనున్న వంతే. కింద వున్న మూడు వంతులూ వచ్చే వారానికి సిద్ధంగా వుంటాయి.

మట్టిలో అవి తినేదేమిటి? బూజు, నాచు, కుళ్ళే ఆకు, సగం చివికిన పేడ. పుట్టగొడుగులు పెంచే షెడ్లలో ఈ జాతి పురుగుకు రైతులు హడలిపోవడానికి కారణం ఇదే. మన కుండీలో ఇవన్నీ ఎవరు పెడుతున్నారు? చెబితే నొచ్చుకోవద్దు. మనమే పెడుతున్నాము. పొద్దున బియ్యం కడుగు, పది గంటలకు టీ వడగట్టిన పిప్పి, మధ్యాహ్నం పాలగిన్నె తొలిచిన నీళ్ళు, సాయంత్రం "పాపం, ఎండిపోయిందేమో" అని ఇంకో చెంబుడు! ఎండాకాలంలో తాగినన్ని నీళ్ళు వానాకాలంలో మొక్క తాగదు. గదిలో ఎండ తక్కువ, గాలిలో తేమ ఎక్కువ. పోసిన నీరు పోసినట్టే నిలుస్తుంది. మట్టి మీద తెల్లని బూజు పడుతుంది. బూజు పడిన చోట నుసుములకు పెళ్ళిభోజనం.

పెద్ద మొక్కలకు వీటివల్ల ప్రమాదం తక్కువ. బాగా వేళ్ళూనిన మనీ ప్లాంటుకూ, క్రోటన్‌కూ నాలుగు నుసుములు తిరిగితే పోయేదేమీ లేదు, మన చిరాకు తప్ప. కానీ లేత నారుకూ, కొత్తగా నాటిన కొమ్మలకూ ఆ మాట చెల్లదు. బూజు చాలకపోతే పిల్లపురుగులు వెంట్రుకల్లాంటి లేత వేళ్ళను కొరుకుతాయి. కొరికిన చోట కుళ్ళుతెగులు దూరుతుంది. పైన తడి వుండగానే మొక్క వాడుతుంది. వాడిందని మనం ఇంకా నీళ్ళు పోస్తాము. పోసిన కొద్దీ కింద పురుగు పెరుగుతుంది. ఇట్లా పోగొట్టుకున్న కొమ్మలు ఎన్ని ఇళ్ళలో ఎన్నున్నాయో!

క్రిందటి సంవత్సరం వానల్లో మా వీధి చివరి ఇంటి కోడలు నన్ను పిలిచింది. వారింటి పెద్దమ్మది పులిచింతల ముంపు గ్రామం. కృష్ణ మీద కట్టిన పులిచింతల ప్రాజెక్టు 2013 డిసెంబరులో ప్రారంభమయింది. దాని జలాశయం వెనక్కి నిండితే నల్లగొండ జిల్లాలో, ఇప్పటి సూర్యాపేట జిల్లా ప్రాంతంలో, ఎన్నో ఊళ్ళు ఖాళీ చేయవలసి వచ్చింది. పెద్దమ్మ ఇల్లూ, వాకిలీ, వాకిట్లో ఆమె అత్తగారు నాటిన మల్లెపొదా అన్నీ నీటి కిందికి పోయాయి. వచ్చేటప్పుడు ఆమె ఒక కొమ్మ విరిచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుని ఇక్కడ పెరట్లో నాటుకుంది. అది పదేళ్ళు పూసింది. మొన్న ఇంటికి ఇంకో గది వెయ్యడానికి పునాది తీస్తే ఆ పొద తియ్యక తప్పలేదు. అందుకని ఆరు కొమ్మలు కత్తిరించి ఆరు కుండీలలో నాటి, కోతులకు భయపడి హాల్లో కిటికీ కింద పెట్టారు. నెల తిరగకుండా రెండు కొమ్మలు నల్లబడ్డాయి. ఇంటినిండా నుసుములు.

నేను వెళ్ళేసరికి ఆ ఇంటి అబ్బాయి పత్తిచేనికి కొట్టే మందు సీసా తెచ్చి, బక్కెట్లో నీళ్ళు పట్టి, స్ప్రేయరు సిద్ధం చేసుకుంటున్నాడు. అదే హాల్లో ఏడు నెలల పాప నేల మీద పాకుతున్నది.

"చేన్ల లీటర్లకు లీటర్లు కొడుతున్నం గద అక్కా! కుండీకి రెండు చుక్కలైతే ఏమైతది?" అన్నాడు.

"చేనుకు గోడలు లేవు తమ్ముడూ. చేన్లో పాప పాకదు" అన్నాను.

అబ్బాయి సీసా మూత పెట్టాడు. ఆ ఒక్క సంగతికే ఈ వారం ఇంత కాగితం ఖర్చు పెడుతున్నాను. మనది వరి, పత్తి, మిరప పండే ప్రాంతం. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం పెరిగిన కొద్దీ పురుగుమందు సీసా లేని రైతు ఇల్లు అరుదయింది. చేతికి అందుబాటులో వుంది కనుక నల్లులకూ అదే, చీమలకూ అదే, తలలో పేలకు కూడా అదే వాడినవారున్నారు. ఈ మందుల్లో చాలా వాటి పని పురుగు నరాలను పట్టడం. ఆర్గానోఫాస్ఫేటు జాతి మందు పురుగు నరాలకూ మన నరాలకూ పెద్ద తేడా చూపించదు. పాకే పిల్లలు నేలను తాకిన చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. మూసిన గదిలో ఆ ఆవిరి ఎక్కడికీ పోదు. 2013 జూలైలో బీహారు రాష్ట్రంలో ఒక బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పొలం మందు కలిసిందని పరీక్షలో తేలింది. పొలం మందు పొలం దాటి ఇంట్లోకి వస్తే జరిగేది ఇది.

కాబట్టి పొలం మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి దాచకండి. వంటింటి అలమరలో పెట్టకండి. పొరపాటున ఎవరైనా మింగితే, లేదా పీల్చినప్పుడు నోట చొంగ, వాంతులు, విపరీతమైన చెమట, ఊపిరి ఆడకపోవడం, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం కనిపిస్తే, ఉప్పునీళ్ళు తాగించి కక్కిస్తూ కూర్చోకండి. 108కి ఫోను చేసి, మందు సీసా చీటీతో సహా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

ఇక ఆ మల్లెకొమ్మలకు మేము చేసిన వైద్యం చెబుతాను.

ఆరు కుండీల్లోనూ ఆలుగడ్డ ముక్కలు పెట్టి చూస్తే అయిదింటిలో పురుగులు తగిలాయి. నల్లబడిన రెండు కొమ్మలనూ, వాటి మట్టినీ ఎత్తి దూరంగా ఎండలో పరిచేశాము. మిగిలిన నాలుగింటిని మెల్లగా పెకలించి, వేళ్ళను మంచినీళ్ళలో ముంచి కడిగి, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ఇసుకలో మళ్ళీ నాటాము. ఇసుకలో పురుగు తినడానికి ఏమీ వుండదు. కొమ్మకు వేరు పట్టేదాకా ఎరువుతో పని లేదు. పేడ ఎరువు వెయ్యాలంటే బాగా చివికి, మట్టి వాసన వచ్చేదే వెయ్యాలి, అది కూడా వేరు పట్టిన తరువాతే.

తరువాత నీళ్ళు. పైనుంచి పొయ్యడం మానేశాము. కుండీని నీళ్ళ పళ్ళెంలో అరగంట వుంచితే అడుగు రంధ్రంలోంచి కావలసినంత తడి పీల్చుకుంటుంది. వేళ్ళకు నీరందుతుంది, పై మట్టి పొడిగా వుంటుంది. పొడి మట్టిలో నుసుము గుడ్డు పెట్టదు, పెట్టినా నిలవదు. అరగంట తరువాత పళ్ళెంలో మిగిలిన నీళ్ళు పారబొయ్యడం మరువకూడదు. నిలవ వుంచితే నుసుములు పోయి డెంగ్యూ దోమ వస్తుంది. కొరివితో తల గోక్కున్నట్టే!

ఇవి కొత్త కొమ్మలు కనుక పూర్తిగా ఎండనివ్వలేదు. మీ ఇంట్లో వున్నది వేళ్ళూనిన మొక్క అయితే పని ఇంకా తేలిక. వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా దించి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు లేవు. మనీ ప్లాంటు, కలబంద, స్నేక్ ప్లాంటు వంటివి నాలుగు రోజులు దప్పికకు తట్టుకుంటాయి. రాలిన ఆకులు ఏరివెయ్యండి. పై మట్టిని పుల్లతో గుల్ల చేసి గాలి తగలనివ్వండి. కాస్త ఎండ వున్న రోజున కుండీని వాకిట్లో పెట్టి, కోతుల కోసం ఒక కర్ర పట్టుకుని మీరూ పక్కన కూర్చోండి.

ఎగిరే వాటి కోసం పసుపు అట్ట. పత్తి, మిరప రైతులకు ఇది తెలిసిన విద్యే. పోస్టుకార్డంత అట్టముక్కకు పసుపురంగు కాగితం అంటించి, ప్లాస్టిక్ కవరు తొడిగి, పైన ఆముదం పల్చగా పూసి కుండీలో మట్టికి దగ్గరగా గుచ్చాలి. పసుపురంగుకు నుసుములు వచ్చి అంటుకుపోతాయి. నాలుగు రోజులకొకసారి తుడిచి మళ్ళీ ఆముదం రాయాలి. దీనితోనే పురుగు అంతరించదు. కానీ అంటుకున్నవి లెక్క పెడితే మన వైద్యం పనిచేస్తున్నదో లేదో తెలుస్తుంది. వైద్యుడికి జ్వరం కొలిచే గొట్టం ఎలాగో మనకు ఆ అట్ట అలాగ.

మట్టిలో పురుగుకు వేప. లీటరు నీళ్ళకు ఒక చెంచా, అంటే అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి బాగా గిలకొట్టి, పై మట్టి తడిసేంత మాత్రమే పొయ్యాలి. వేప పురుగును అప్పటికప్పుడు చంపదు. కుబుసం విడిచి పెరగనివ్వదు. అందుచేత ఒక్కసారితో తృప్తిపడక వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు పొయ్యాలి. వేపపిండి కూడా మంచిదే కానీ, వానాకాలంలో ఇంటిలోపల తడిమట్టి మీద చల్లితే దానికే బూజు పడుతుంది. ఎండాకాలంలో మట్టిలో కలపండి.

దీనికీ లొంగకపోతే బీ.టీ.ఐ. అనే సూక్ష్మజీవి మందు వుంది. 1976లో ఇజ్రాయెల్ దేశపు నెగెవ్ ఎడారిలో ఒక నీటిగుంట దగ్గర కనుగొన్నారు. దోమ పిల్లల కోసం మన దేశంలోనూ వాడుతున్నారు. దోమ, నుసుము ఒకే దాయాదుల కుటుంబం కనుక దీనికీ పనిచేస్తుంది. పిల్లపురుగు దాన్ని తింటే దాని కడుపులోని స్ఫటికం కరిగి పేగును తూట్లు పొడుస్తుంది. మనుషుల కడుపులో, కుక్క పిల్లి కడుపుల్లో అట్లా జరగదు. డబ్బా మీద వున్న మోతాదుకే నీళ్ళలో కలిపి వారానికొకసారి మూడు నాలుగు తడవలు పొయ్యాలి. ఎగిరే పురుగును ఇది ఏమీ చెయ్యదు కనుక మొదటి వారమే "పనిచెయ్యలేదు" అని మానేయకండి.

మల్లెకొమ్మల దగ్గర మొదటి వారం అట్టకు అరవై పైచిలుకు అంటుకున్నాయి. రెండో వారం ఇంచుమించు అన్నే. కోడలు నిరుత్సాహపడింది. అవి మేము మొదలుపెట్టే నాటికే మట్టిలో వున్నవి, రెక్కలు వచ్చి బయటపడుతున్నాయని చెప్పాను. మూడో వారం పద్దెనిమిది. అయిదో వారం రెండు. ఆరో వారానికి మూడు కొమ్మలు చిగిర్చాయి. నాలుగోది దక్కలేదు.

ఇన్నాళ్ళూ పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. రోజూ కడుగు నీళ్ళ గిన్నె పట్టుకుని కిటికీ దాకా రావడం, నన్ను చూసి ఆగిపోవడం. చిగురు కనిపించిన రోజున మాత్రం అన్నది: "ఇల్లుకు పైసలిచ్చిన్రు బిడ్డా, భూమికిచ్చిన్రు. ఈ మల్లెకు ఎవరిస్తరు?" ఒక కుండీ ఇప్పుడు హైదరాబాదులో మనుమరాలి బాల్కనీలో వున్నది. రెండు ఇక్కడ కొత్త గది మెట్ల పక్కన నేలలోకి దిగాయి.

ఇక తరచు అడిగే రెండు సందేహాలు. కడుగు నీళ్ళు పొయ్యవచ్చునా? పెరటి మొక్కకు నిక్షేపంగా పొయ్యండి, ఇంటిలోపలి కుండీకి వద్దు. టీ పిప్పి వెయ్యవచ్చునా? ఎరువు గుంటలో వేసి, చివికిన తరువాత వెయ్యండి. కొత్త మొక్క కొనుక్కువస్తే వెంటనే పాత కుండీల మధ్య పెట్టకుండా, రెండు వారాలు విడిగా వుంచి పసుపు అట్ట గుచ్చి చూడండి. అట్ట శుభ్రంగా వుంటేనే లోపలికి పిలవండి.